మావయ్య రాత

"పెట్టె తెరవకూడదక్కా," అన్నాడు తమ్ముడు. అతను రక్షణ శాఖలో అధికారి. హాలు మధ్యలో దించిన పెట్టెలో ఉన్నది ఆమె ఒక్కగానొక్క కొడుకు.

"ఎలా పోయాడో నీ నోటితో చెప్పు."

"చెప్పకూడదు. శత్రువుకి తెలిసిపోతుంది."

"ఇంకా తెలియడమేంట్రా? పాతబడిన గుండు ఫిరంగిలోనే పేలిపోయిందని నిన్న వాళ్ళ రేడియోలోనే విన్నాను. తెలియకూడనిది కన్నతల్లికేనా?"

అతను తల దించుకున్నాడు. మందుగుండంతా భేషుగ్గా ఉందని ఈ ఏటి నివేదికలో రాసింది అతనే.

"అబద్ధమని తెలిసే రాశావా?"

"తెలుసక్కా. లోపాలు బయటపెడితే మనం అలుసైపోతామన్నారు పైవాళ్ళు. దేశం కోసమేగా అని సరిపెట్టుకున్నాను."

ఆమె పెట్టె మీద చెయ్యి వేసి నిమిరింది.

"వాడి స్నేహితుడు వచ్చి చెప్పాడు. ఆ గుండ్లు ముట్టుకోవడానికి అందరూ జంకుతుంటే వీడు నవ్వాడట. 'మా మావయ్యే రాశాడు, భయమెందుకు' అంటూ తనే ముందుకెళ్ళాడట."

అతను పెట్టె పక్కనే కూలబడ్డాడు.

"శత్రువు నీ రాతని ఏనాడూ నమ్మలేదురా," అంది అక్క. "నమ్మింది వీడే."