సగం నేసిన జంపఖానా

ముక్కూ ముఖం తెలియని పిల్ల ఒకతి రమ ఇంట్లోకి దూసుకొచ్చింది.

"అక్కా, జర కత్తెర" అంటూనే మగ్గం పక్కనున్న కత్తెర అందుకుంది. సగం నేసిన జంపఖానాను పరపరా కోసేసింది.

రమ లేచి అడ్డుపడేలోపే అది చేతికొచ్చేసింది.

ఆ పిల్ల జంపఖానాను వాకిట్లో నూలుకు రంగు వేసే తొట్టిలో ముంచింది. నీలిరంగు కారుతుండగా చంకనేసుకుని గల్లీ మలుపు తిరిగిపోయింది.

నేతగాళ్లుండే కొత్తవాడలో పుట్టి పెరిగిన రమ ఇటువంటిది ఎన్నడూ చూడలేదు. మగ్గం మీద నేత సగంలో కోస్తే ఇంటి బిడ్డకు కీడని అత్తమ్మ చెప్పేది.

ఉన్నది ఒక్కతే బిడ్డ. అక్షర రోడ్డు దాటినా భయం, సైకిలెక్కినా భయం. ఇప్పుడు పక్క గల్లీలో ట్యూషన్‌కు పోయింది.

కీడు తప్పాలంటే మగ్గం మీద తెగిన పడుగు దారాలను, ఆ నిలువు పోగులను, మళ్లీ ముడెయ్యాలి. రమ సమ్మక్క తల్లికి మొక్కుకుంటూ ముడులేస్తూ కూర్చుంది. బయట ఏవో అరుపులు వినిపించినా తలెత్తలేదు.

కాసేపటికి ఆ పిల్లే గుమ్మంలో నిలబడింది. మోచేతుల దాకా నీలిరంగు.

"అక్కా, మీ జంపఖానా..."

"పో. నా బిడ్డకు ఏమన్నయితే నా ఉసురు నీకు తగుల్తది."

రమ తలుపేసింది. ఆ పిల్ల మంచినీళ్లడిగినట్టు వినిపించినా తీయలేదు.

ఆ తర్వాత అక్షర వచ్చింది. జుట్టంతా పొగ వాసన.

ట్యూషన్ ఇంట్లో గ్యాస్ సిలిండర్ అంటుకుందట. ముందు గదిలో మంటలు, వెనక గదిలో పిల్లలు. బయటి వాళ్లు అరిచారే తప్ప ఒక్కరూ లోపలికి రాలేదట. దారిన పోయే ఒక అక్క వచ్చి, సిలిండర్ మీద తడిబట్టేదో కప్పి ఆర్పేసిందట. పొగకు తూలిపోతున్న అక్షరను ఎత్తుకొని బయటికి తెచ్చిందట.

రమ బిడ్డను తడిమి తడిమి చూసుకుంది.

"ఏ తల్లి కన్నదో. ఆడపిల్లంటే గట్లుండాలె. పేరడిగినవా?"

"చెప్పలే. ఒకరికి చెప్పి రావాలె అనుకుంట ఉరికింది. అమ్మా, నేను గూడ పెద్దగైనంక గా అక్క లెక్కనే అయిత."

అన్నిటికీ వద్దనే రమ ఈసారి వద్దనలేదు.

"కా బిడ్డా" అంది గర్వంగా. రేగిన జడ సరిచేద్దామని బిడ్డను వెనక్కి తిప్పింది.

అక్షర తెల్ల చొక్కా వీపు మీద ఐదు వేళ్లూ నీలంగా అచ్చుపడి ఉన్నాయి.