పొలిమేర కట్టు

"ఆ తాడు దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను!" అని అరిచాడు పల్లంరాజు.

అరిచింది ఎవరి మీదో కాదు, కన్నకూతురి మీద. లోవలక్ష్మి నిండు చూలాలు. తొలికాన్పుకి పుట్టింటికని రామచంద్రపురం వైపునుంచి ఎడ్లబండి మీద వచ్చింది. బండి తోలుకొచ్చిన మొగుడు వీరాస్వామి చెర్నాకోలతోనే కిందికి దిగాడు.

ఉప్పాడకి అవతల ఉన్న ఆ చిన్న జాలరిపేటకి పొలిమేర కట్టేశారు. ఎక్కడో వాంతులూ భేదులూ మొదలయ్యాయని చెవిన పడగానే, రోగం ఇంకా రాని ఊళ్ళు దారికడ్డంగా వేపమండల తాడు కట్టుకోవడం మామూలే. కట్టాక బయటివాడు లోపలికి రాకూడదు.

"మాకే రోగం లేదు మావా. మా వైపు ఒక్కళ్ళకీ లేదు," అన్నాడు వీరాస్వామి.

"ఓడ దిగే ప్రతివాడూ అదే అంటాడు అల్లుడూ. రంగూన్‌లో డాక్టరుదొర ఓడెక్కి, ఒక్కొక్కడి కళ్ళూ నాలికా చూస్తేగానీ దిగనివ్వడు. మోరీసు దీవిలో అయితే అదీ లేదు. పసుపు జెండా ఎత్తించి ఓడని సముద్రంలోనే ఆపేస్తారు. తల్లి ఒడ్డున నిలబడి ఏడ్చినా సరే."

పల్లంరాజు వయసులో ఉండగా ఓడ కళాసీ. ఆ రేవులన్నీ తిరిగొచ్చినవాడు.

"మరి మన దేశంలోనో?" వెటకారంగా అడిగాడు వీరాస్వామి.

"మనమా? ఈ రోగం తెచ్చే తల్లి మరిడమ్మని బండెక్కించి, డప్పులు కొట్టి, పక్కూరి పొలిమేరలో దింపొస్తాం. వాళ్ళు ఆ పక్కూరికి తోలతారు. చస్తే వాళ్ళు చస్తారు, మనకేం!" కాండ్రించి ఉమ్మేశాడు.

"నాలుగు రేవులు చూసేసరికి దొరబుద్ధులొచ్చాయి నీకు. మీ పెద్దల్ని పిలు. వాళ్ళతోనే మాట్లాడతా."

"వాళ్ళు రారు. ఎవరు పిలిచినా రారు."

లోవలక్ష్మి ఎండకి సోలిపోతోంది. ఒక అడుగు ముందుకేసింది. పల్లంరాజు గబుక్కున వెనక్కి జరిగాడు.

"గొంతెండిపోతోంది నాన్నా. కాసిని మంచినీళ్ళైనా ఇయ్యి."

"ఈ ఊళ్ళో నీకు చుక్క నీళ్ళు లేవు. దారిలో బొండాం కొట్టించుకో."

"కడుపుతో ఉన్నదానికి నీళ్ళు కూడా పొయ్యవా? నువ్వూ ఒక మనిషివేనా?" వీరాస్వామి చెర్నాకోల ఎత్తబోయి, పెళ్ళాం చెయ్యి పట్టుకోవడంతో ఆగిపోయాడు.

"అమ్మని పిలు నాన్నా. ఇక్కణ్ణుంచే చూసి పోతాను."

పల్లంరాజు ఇసకలోకి చూస్తూ అన్నాడు:

"నిన్ను రానివ్వొద్దని నా చేత ఒట్టేయించుకుంది మీ అమ్మే."

లోవలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. అమ్మకని తెచ్చిన అరటిపళ్ళ అత్తం తాడు పక్కన పెట్టబోయింది.

"అవీ వద్దు. పట్టుకుపో."

ఆమె పళ్ళు తీసుకుని బండెక్కింది. ఎక్కాక అంది: "పురిట్లో నేను పోయానని కబురొచ్చినా నువ్వు రాకు నాన్నా."

"రాను," అన్నాడు పల్లంరాజు.

వీరాస్వామి ఎడ్లని అదిలించాడు. ఆమె వెనక్కి చూడలేదు.

బండి తాటితోపు మలుపు తిరిగాక, పేటలో వాళ్ళందరినీ ఒక్కొక్కరినే పూడ్చి, ఆ పొద్దుటే ఆఖరున పెళ్ళాం అప్పాయమ్మని కూడా పూడ్చిన చేతులతో కడుపు పట్టుకుని, పల్లంరాజు తాడుకి లోపల కూలబడ్డాడు.