ఒక్క లీటరు దూరం

"తాళం ఇవ్వకు!" అంటూ నెర్మీన్ మెట్లు రెండేసి చొప్పున దూకి వచ్చింది.

హాతిమ్ చెయ్యి అప్పటికే సగం చాచి ఉంది. ఆ చేతిలో ఉన్నది పాత నీలం కారు తాళం. ఎదురుగా మెకానిక్ జాబిర్ అరచెయ్యి తెరిచి నిలబడ్డాడు. కారును విప్పేసి విడిభాగాలుగా అమ్ముకుందామని వచ్చాడతను.

"మాటిచ్చేశాను, నెర్మీన్. ఆఫీసుకు పోనూ రానూ పద్దెనిమిది కిలోమీటర్లు. దానికి మూడు లీటర్లు తాగుతోంది. ఇది కారా, ఒంటా?"

"ఒంటె నయం సార్, వారానికోసారే తాగుతుంది" అన్నాడు జాబిర్.

నెర్మీన్‌కు ఒళ్లు మండింది. పెళ్లయి నలభై రోజులు. ప్రతి శుక్రవారం అలెగ్జాండ్రియా సముద్రం ఆ కారు కిటికీలోంచే ఆమె మొహం మీద నీళ్లు చిలకరించేది. దాన్ని ముక్కలు చేస్తారా?

"కిలోమీటర్ల ముల్లు చచ్చిపోయింది. పెట్రోలు ముల్లు దాని ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. ఏం చూసి దీని మీద నింద వేస్తున్నారు? ఒక్క గంట ఇవ్వండి, కొలిచి చూపిస్తా. లీటరుకు పన్నెండు రాకపోతే తాళం నా చేత్తోనే ఇస్తా."

"దేంతో కొలుస్తారు ఇంజినీరమ్మగారూ? అది కొలిచే మిషను డబ్బుతో ఇంకో కారొస్తుంది."

"మంచినీళ్ల సీసాతో."

జాబిర్ పడీపడీ నవ్వాడు. అతని నవ్వు ఆగేలోపలే ఆమె పని మొదలుపెట్టింది. ఇంజెక్షన్ సిరంజితో కొలిచి నీళ్లు పోస్తూ, లీటరుకు పది గీతలు వచ్చేలా సీసా మీద ఎర్రటి గోళ్ల రంగుతో గీసింది. నీళ్లు పారబోసి, ఆరబెట్టి, పెట్రోలు నింపింది. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి దాని నోటికి బోల్టు బిగించింది. పంపుకు కొత్త గొట్టం తగిలించి, రెండో కొస సీసా మూతలో దూర్చింది.

"జాబిర్ ఉస్తా, ముందు ఆ సిగరెట్ పారెయ్యి! లేకపోతే లెక్క తేలకముందే మనం తేలిపోతాం."

అత్తగారు ఇనాయాత్ చెప్పులేసుకుని వచ్చేసింది. "నేనూ వస్తా. కాస్త గాలి తగులుతుంది." ఆవిడా జాబిరూ వెనక సీట్లో సర్దుకున్నారు.

వీధి మలుపులోని మంతజా గేటు దగ్గర లెక్క మొదలైంది. హాతిమ్ నడుపుతున్నాడు. నెర్మీన్ తలకిందులు చేసిన సీసాను కిటికీ బయట ఎత్తి పట్టుకుంది. శుక్రవారం పొద్దున కదా, సముద్రం పక్క రోడ్డు ఖాళీగా ఉంది.

స్టాన్లీ వంతెన దగ్గర ఆరు గీతలు దిగాయి. రోడ్డు పక్క రాళ్ల లెక్కన ఎనిమిది కిలోమీటర్లు.

"చెయ్యి నొప్పెడుతోందా?" అన్నాడు హాతిమ్.

"నొప్పెట్టనీ. నువ్వు రోడ్డు చూడు."

ఇబ్రాహీమియ్యా దాటింది. పన్నెండు. సీసాలో ఇంకా వేలెడు మిగిలే ఉంది. హాతిమ్ స్టీరింగ్ మీద దరువేశాడు. "పోవే, నా తల్లీ, పో!"

షాత్బీ దగ్గర ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పదమూడు!

నెర్మీన్ కారు దిగి రోడ్డు పక్కనే చిన్న గంతేసింది. జాబిర్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "ఒప్పుకున్నా ఇంజినీరమ్మగారూ. ఈ కారు నాకొద్దు, మీరు మా షెడ్డుకొచ్చేయండి."

"మరి రోజూ నా పెట్రోలు ఎటు పోతోంది?" హాతిమ్ మొహం ఎర్రబడింది. "ఇంకెవరు, మన కాపలావాడే తోడేస్తున్నాడు. ఇవాళే వాణ్ని పనిలోంచి తీయించేస్తా."

"పాపం, వాడి జోలికి పోకు. పిల్లలు గలవాడు" అంది ఇనాయాత్.

"నీకు తెలీదమ్మా, నువ్వూరుకో."

ట్యాంకు గొట్టం మళ్లీ తగిలించారు. తాళం తిప్పితే బ్యాటరీ మూలిగి ఊరుకుంది. ఇక తోయాల్సిందే.

"మీ ముగ్గురూ తొయ్యండి, స్టీరింగ్ నేను పట్టుకుంటా" అంటూ ఇనాయాత్ ముందు సీట్లోకి మారింది.

"తిన్నగా పట్టుకో చాలు. కాళ్లతో ఏదీ తొక్కకు, అమ్మా!"

ముగ్గురూ భుజాలు ఆనించి తోశారు. కారు కాస్త వేగం అందుకుందో లేదో, లోపల గేరు టక్కుమని పడింది. ఇంజను గర్జించింది. కారు వాళ్ల చేతుల్లోంచి జారిపోయి, ఎడమ సిగ్నల్ లైటు మిణుకుమనిపిస్తూ ముందున్న గుర్రపు బండిని ఒడుపుగా దాటి, వంద గజాల అవతల గట్టు పక్కన బుద్ధిగా ఆగింది.

కిటికీలోంచి ఇనాయాత్ తల బయటికొచ్చింది.

"రోజూ మీరిద్దరూ నిద్ర లేచేలోగా నేను నేర్చుకున్నది ఇంతవరకే! వెనక్కి నడపడం ఇంకా రాలేదు, మీరే నడిచి రండి!"