జోడు కాయిల్

నాలుగున్నర బస్సు ఎక్కేలోపు గిరి రెండు గిటార్లలో ఒకటి తేల్చుకోవాలి. దాని తీగల కింద ఏ పికప్ ఉండాలో తేల్చుకోవాలి. తెగిన కాయిల్ చుట్టించాలి. ఆ తర్వాత ఏడింటికి కొత్తచెరువులో ఆర్కెస్ట్రా స్టేజీ ఎక్కాలి.

మొదటి మూడింటిలో ఒక్కటి తప్పినా నాలుగోది ఉండదు. "ఈ పొద్దు గూడా నీ గిటార్ గుంయ్‌మంటే, స్టేజీ దిగి అట్లే ఇంటికి పో. మళ్లీ రాబాకు" అని ఆర్కెస్ట్రా ఓనరు కేశవ ఫోన్లో చెప్పేశాడు.

అప్పటికే రెండు దాటింది. బత్తలపల్లెలో హబీబుల్లా మోటారు వైండింగ్ షాపు ముందు, రెండు గిటార్లూ చిన్న యాంప్లిఫయరూ మోసుకుంటూ గిరి నిలబడ్డాడు.

"ఎండాకాలం రైతు మోటారే ముందు," అన్నాడు హబీబుల్లా తలెత్తకుండా. "మా నాయన కాలం నుంచి ఇదే లెక్క. నల్లప్పన్న మోటారు ఉండాది. రేపు రా."

బోరు మోటారు పక్కన గోనెసంచి మీద కూర్చున్న నల్లప్ప గిరిని ఎగాదిగా చూశాడు.

"ఊరంతా నీళ్లకు ఏడుస్తాంటే నీకు తంబూరా కావాల్నా?"

"మీకెన్ని చెట్లు, పెద్దాయనా?"

"మున్నూరు. చీనీ."

మూడు వందల బత్తాయి చెట్లంటే గిరి వెనక్కి తగ్గాడు. మెట్టు మీద కూలబడ్డాడు. నల్లప్పే మళ్లీ కదిపాడు.

"ఇంతకీ దానికేం రోగం?"

గిరి చెప్పాడు. రెండూ కంపెనీ చేయడం మానేసిన మోడళ్లే. నల్లది తూఫాన్. తేలిక, స్వరం సూదిలా పదును. తీగల చప్పుడును కరెంటుగా మార్చే పికప్ మాత్రం ఒంటి కాయిల్‌ది. దగ్గర్లో కరెంటు వైరుంటే చాలు, రొద పెడుతుంది. ఎర్రది మయూరి. బరువు, స్వరం మందం. దాని పికప్‌లో జోడు కాయిల్, ఒకదాని రొదను రెండోది చంపేస్తుంది. ఆ రెండింట్లో ఒకటి తెగి గిటార్ మూగబోయింది.

"కొత్తది ఎయ్యకూడదా?"

"ఈ మోడల్ నిలిపేసి పన్నెండేండ్లాయ. ఇప్పుడొచ్చే పికప్‌లు దీని గుంతలో పట్టవు."

హబీబుల్లా చేతిలోని పని ఆపి రెండింటినీ తిప్పి చూశాడు. "ఇంత సన్న తీగ నా కాడ యాడిది? నాదంతా మోటారు తీగ. కావాలంటే ఈ నల్లదాంట్లోది ఇప్పి ఎర్రదానికి చుట్టల్ల. అప్పుడు నల్లది పోయినట్లే. రెండూ మిగలవు."

గిరి తూఫాన్‌ను యాంప్లిఫయర్‌కు తగిలించి ఒకసారి మీటాడు. స్వరం కంటే ముందు రొద లేచింది.

"ఫేజు పోయిన మోటారు మాదిరి మొత్తుకుంటాంది," అన్నాడు నల్లప్ప. "గొంతు మాత్రం బాగుండాది."

"నాకూ ఇదే ఇష్టం."

"ఇష్టం పక్కన పెట్టు. రొదలో యా పాటా ఇనపడదు."

గిరి తూఫాన్ తీగలు వదులు చేయడం మొదలుపెట్టాడు. నల్లప్ప అది చూసి గొంతు సవరించుకున్నాడు.

"హబీబూ, వానిది చెయ్యప్పా. నాది ఆగుతాది."

"చెట్లెండవా, పెద్దాయనా?" అన్నాడు గిరి.

"ఒక పూటకేం కాదులే."

తీగ వెంట్రుక కంటే సన్నం. హబీబుల్లా చేతిమిషన్ తిప్పుతుంటే తూఫాన్ కాయిల్ నుంచి ఊడి కొత్తదాని మీదికి ఎక్కుతోంది. ఆ పాత కాయిల్ నల్లప్ప పట్టుకున్నాడు.

"లాగొద్దన్నా!"

"నేను యాడ లాగినా? నువ్వే ఉరుకుతాండావు. కొత్త కోడెను గూడా ఇంత మెత్తగా పట్టలేదప్పా నేను."

చుట్టాల్సింది ఐదు వేల చుట్లు. రెండు వేలు దాటగానే తీగ పుటుక్కుమంది. హబీబుల్లా ఊపిరి బిగబట్టి అతికాడు. మళ్లీ తిప్పాడు. గిరి చూపు గోడ గడియారానికీ మిషన్‌కీ మధ్య తిరుగుతూనే ఉంది.

నాలుగూ పదికి పికప్ బిగించి యాంప్లిఫయర్ వేశారు.

గుంయ్! రొద తూఫాన్ కంటే రెట్టింపు.

గిరి తూఫాన్ వైపు చూశాడు. దాని పొట్టలో ఖాళీ గుంత తప్ప ఏమీ లేదు. ఇక వెనక్కి పోవడానికి లేదు. "అయిపాయ," అన్నాడు.

నల్లప్ప యాంప్లిఫయర్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. "ఏమప్పా హబీబూ, మోటారు ఎనక్కి తిరిగితే ఏం చేస్తాం మనం?"

"రెండు వైర్లు మార్చి ఏస్తాం."

"అయితే మార్చు."

హబీబుల్లా వెంటనే టంకం కడ్డీ అందుకున్నాడు. దాని రొద రెండోదానికి ఎదురు తిరిగేలా కొత్త కాయిల్ కొసలు రెండూ తారుమారు చేశాడు.

రొద ఆగిపోయింది. యాంప్లిఫయర్ పాడైందేమోనన్నంత నిశ్శబ్దం. గిరి వేలితో మీటాడు. బరువైన స్వరం షాపంతా నిండింది.

గిరి వంగి నల్లప్ప కాళ్లు పట్టుకోబోయాడు.

"కాళ్లు యాడికీ పోవు. బస్సు పోతాది, ఉరుకు!"

గిరి ఉరికాడు. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా నల్లప్ప అటే చూస్తూ నిలబడ్డాడు. హబీబుల్లా స్పానర్ తీసుకుని మోటారు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"రా అన్నా. ఇంక నీదే. ఇప్పుదామా?"

నల్లప్ప చుట్టూ చూశాడు. షాపులో మూడో మనిషి లేడు.

"ఇప్పొద్దప్పా. కాటా మీద పెట్టి, పాత రాగికి తీసుకో. బోరెండి నెలాయ. చెట్లు నిన్ననే కొట్టిచ్చేసినా."

గిరికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. అందుకే, ఏ ఊరి స్టేజీ మీదైనా ఒక ఎర్ర గిటార్ రొద లేకుండా మోగితే, మీరైనా నల్లప్పను ఒకసారి తలుచుకోండి.