నీడలు ముందే చూసొచ్చిన సాయంత్రం

పెళ్లయి ఇరవై ఏళ్లయిందని, నా భార్య ఇందుమతిని గుడ్డ మీద గీసిన బొమ్మల ప్రదర్శనకూ, అక్కడి నుంచి వీణ కచేరీకీ తీసుకెళ్తానన్నాను. ఇప్పుడు బెజవాడలో ముందు నీడలను పంపకుండా గడప దాటే ఆలుమగలు లేరు. ఫోనులో ఉండే ఈ నీడలు మన సంగతులన్నీ తెలుసుకుని, అచ్చం మనలాగే మాట్లాడతాయి. మనం వెళ్తే ఏం జరుగుతుందో ముందే చూసొచ్చి చెబుతాయి. వంకాయలు కొనడానికి కూడా జనం వాటినే ముందు పంపుతున్నారు.

మా నీడలు పది నిమిషాల్లో తిరిగొచ్చాయి. అవి చెప్పిందంతా విని, ఇందుమతి తీసిన పట్టుచీరను మళ్లీ బీరువాలో పెట్టేసింది.

“అంతమందిలో బొమ్మను వేలితో తడిమి, గుడ్డ గట్టిది, సంచులకు పనికొస్తుందంటారా?”

“నేనెప్పుడన్నానే? ఇంకా చొక్కా అయినా వేసుకోలేదు!”

“అనరా మరి?”

ముప్పై ఏళ్లుగా గోనెసంచుల వ్యాపారం నాది. గుడ్డ కనబడితే చేయి ఊరుకోదు.

“కచేరీలో గురక కూడా పెట్టారట.”

బేరం చెడిపోతోందని తెలిసి, నాకొచ్చిన విద్యే బయటికి తీశాను. “ఇందూ, శాంపిల్ చూసి సరుకును తేల్చేయకూడదు. శాంపిల్ వేరు, సరుకు వేరు.”

“అది నాకు తెలియదా? పెళ్లిచూపుల్లో నేను వీణ వాయిస్తుంటే కళ్లు మూసుకుని తల ఊపారు. ఆ శాంపిల్ చూసే కదండీ ఒప్పుకున్నాను.”

ఆ రోజు కూడా నాకు పట్టింది కునుకే. నా నీడకు ఆ సంగతి తెలుసునని గుర్తొచ్చి, గబుక్కున ఫోను ఆపేశాను.