తీసేసిన లీవర్

"ఇక్కడ ఓ లీవర్ ఉండాలే, ఏమైంది?"

ఫియట్ కిటికీలోంచి లోపలికి చూస్తూ అడిగిందామె.

వినయ్ తుడవడం ఆపి తలెత్తాడు. అరవై దాటిన మనిషి. నేత చీర, ఒక చేతిలో గొడుగు. రెండో చెయ్యి కారు తలుపు మీద ఉంది.

"తీయించేశానండీ. తలుపు మీద ఆనుకోకండి, నిన్ననే పాలిష్ పట్టించాను."

ఆమె చెయ్యి తీసేసి, గొడుగు నేలకు ఆనించుకుని నిలబడింది.

"ఎందుకు తీయించారు?"

"అది ఫ్యాక్టరీ పెట్టింది కాదు. ఎవరో సొంత తెలివితో బిగించుకున్నారు. అలాంటివి ఉంటే క్లాసిక్ అనరట."

"మరి క్లచ్ కాలితోనే తొక్కుతున్నారా?"

వినయ్‌కి నవ్వొచ్చింది.

"అందరూ కాలితోనే తొక్కుతారండీ."

"అవున్లెండి," అందామె.

1999 డిసెంబరు, ఆదివారం. సైబర్ టవర్స్ ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో పాత కార్ల ప్రదర్శన పెట్టారు. వినయ్ ఆ టవర్స్‌లోనే ప్రోగ్రామర్. అరవై నాలుగు మోడల్ ఫియట్‌ను ఆ ఏడాదే ఒక బ్రోకర్ దగ్గర కొన్నాడు. మాదాపూర్‌లో అతను అద్దెకుండే ఇంటి ఓనరు వెంకటరమణది కడప. ఆ కారు తన గేటు లోపల ఉండటం ఆయనకు గిట్టలేదు.

"చూడు నాయనా, క్లాసిక్కో గీసిక్కో, తెలిసినోడెవడన్నా రాసిచ్చినాడంటే ఈడ పెట్టుకో. లేదంటే సోమవారం నుంచి ఈ డబ్బాను నా గేట్లోకి రానిచ్చేది లే," అన్నాడు.

బయట పెడితే తెల్లారేసరికి చక్రాలు ఉండవు. అమ్మబోతే తూకానికి అడిగేవాళ్ళే దొరికారు.

అందుకే వినయ్ ప్రదర్శనకు పేరిచ్చాడు. కారు అసలు రూపంలో ఉండాలని నిబంధన. మెకానిక్‌తో ఆ లీవర్ తీయించి, బోల్టుల కంతలు పుట్టీతో పూడ్పించాడు.

"ముందు సీట్లో ఒక్కసారి కూర్చోవచ్చా?" అడిగిందామె.

"జడ్జిగారు వచ్చే టైమండీ. కావాలంటే వెనక కూర్చోండి."

"వెనక్కి వద్దు లెండి."

ఆమె కాసేపు స్టీరింగ్ వైపు చూసింది.

"బాగానే చూసుకుంటున్నారు," అని వెళ్ళిపోయింది.

పక్కన జీపు పెట్టుకున్న జశ్వంత్ అడిగాడు.

"ఏంటి బాసూ, బేరమా?"

"బేరమూ లేదు పాడూ లేదు. తప్పులు పట్టడానికొచ్చింది."

జడ్జి శివశంకర్ వచ్చాడు. పాత కార్ల సంఘంలో పెద్ద. ఇంజను చూశాడు, అద్దాలు చూశాడు, మోకాళ్ళ మీద కూర్చుని స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"ఇక్కడ పుట్టీ ఎందుకుంది?"

"ఏదో లీవర్ ఉండేది సర్, తీయించేశాను. మార్పులు చేసిన బళ్ళు క్లాసిక్ కావు కదా."

"ఇప్పుడు ముచ్చటపడి చేయించుకుంటే కావు. ఆ రోజుల్లో, నడిపేవాళ్ళ అవసరం కోసం చేయించుకున్నది బండి చరిత్రలో భాగం. అది క్లచ్ చేత్తో నొక్కే లీవర్. ఎడమ కాలు పనిచెయ్యని మనిషి ఎవరో దీన్ని నడిపాడు. మామూలు ఫియట్లు ఊళ్ళో ఇంకా వందలున్నాయి. ఇలాంటిది నేనింతవరకూ చూడలేదు."

"లీవర్ మెకానిక్ షెడ్డులోనే ఉంది సర్. తెచ్చి బిగించేస్తాను."

"బిగిస్తారు. అది ఎప్పటిదో, ఎవరికోసం చేసిందో నాకెలా తెలియాలి? నడిపినాయన వచ్చి చెబితే రాసిస్తాను. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. నిన్న పేపర్లో మీ బండి ఫొటో నంబరుతో సహా పడింది కదా, చూసి రావచ్చు కూడా."

వినయ్‌కి ఆమె గుర్తొచ్చింది. లీవర్ సంగతి ఆమెకు తెలుసు. కారు నడిపినాయన భార్య అయ్యుంటుంది. అడిగితే ఆయన ఎక్కడున్నారో చెబుతుంది. మిలిటరీలో కాలు దెబ్బతిన్న మనిషేమో, ఇంటికెళ్ళి కారులో ఎక్కించుకొచ్చినా సాయంత్రంలోపు రావచ్చు.

గేటు దాకా పరుగెత్తాడు. వాచ్‌మన్ కొమురయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"గొడుగు పట్టుకుని ఓ పెద్దావిడ వచ్చింది, చూశావా?"

"పోయింది గద సార్, ఆటోల. జర సేపైంది."

"ఎటు?"

"చందానగర్ దిక్కు. ఇల్లు యాడనో నేనడగలే."

"వాళ్ళాయన గురించి ఏమన్నా చెప్పిందా? ఆయన కూడా వచ్చారా?"

"ఆయన ఎవరు సార్?" అన్నాడు కొమురయ్య. "ఒక్కతే వచ్చింది. ఆటో దిగి, ఎడమ కాలు కట్టెది గద, దాన్ని సర్దుకొని, 'పేపర్ల చూసి వచ్చిన, నా బండి ఏ దిక్కు పెట్టిన్రు' అని అడిగింది."