తీతువు కూయని రోజు

అడవిలో జలపాతం అంచున నాచు పట్టిన బండ ఒకటుంది. ఆ పక్కనే నేల మీద గుడ్లు పెట్టుకున్న తీతువు పిట్ట, జలపాతం చూడవచ్చిన వాళ్లు బండెక్కబోతే చాలు, గొంతు చించుకుని అరిచేది.

ఒకనాడు ఊరి గొర్రెలొచ్చాయి. పొట్టేలు బండెక్కింది.

"దిగు నాయనా, జారుతుంది!" అని తీతువు అరిచింది.

"నీ నోరు పడిపోను! వచ్చీ రాగానే చావు కూతా?" అని కసిరి పొట్టేలు ఇంకో అడుగేసింది. కాలు జారి లోయలో పడి చచ్చిపోయింది.

"ఈ పాడు పిట్ట కూసింది, బంగారంలాంటి వాడు పోయాడు" అని ముసలి గొర్రె శోకాలు పెట్టింది. మందంతా కోపంతో తీతువు గుడ్లు తొక్కేసి వెళ్లిపోయింది.

మర్నాడు మేకలొచ్చాయి. తీతువు నోరు తెరవబోయి, పగిలిన పెంకుల వంక చూసి ఊరుకుంది.

"తీతువు కూయలేదు. ఇవాళ శకునం బాగుందర్రా!" అంటూ తల్లి మేక తన పిల్లను బండ మీదికి ఎక్కించింది.